‘పర్లేదండీ’ అనే పొట్టలు

నేను రిటైరయిన రోజున మా ఆసుపత్రి వాళ్ళు శాలువా కప్పి, మైకు పట్టుకుని, “మన ఓటీ బాయ్ సూరిబాబు గారు” అన్నారు. అప్పటికి నా తల మొత్తం నెరిసిపోయింది. మెట్లు చూస్తే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ముందు వరసలో కూర్చున్న మనవరాలు ఆ శాలువా తనకి కావాలని ఏడుస్తోంది. అయినా నేను బాయ్‌నే. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లు ముసలివాళ్ళవుతారు, సిస్టర్లు పెద్ద సిస్టర్లవుతారు. నాలాంటివాడు మాత్రం బాయ్‌గా చేరి బాయ్‌గానే ఇంటికి వెళ్తాడు. ఇంత యవ్వనం ఇంకే ఉద్యోగంలోనూ దొరకదు.

మాది తాడేపల్లిగూడెం. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికి నా మీదా, నాకు లెక్కల మీదా ఒకేసారి నమ్మకం పోయింది. సోడా కొట్లో చేరాను. అక్కడికి నిమ్మసోడాకి వచ్చే ఒక కాంపౌండరు గారు, “నోరు ఊరుకోదు గానీ చేతులు శుభ్రంగా ఉంటాయిరా నీవి” అని ఒక చిన్న నర్సింగ్ హోములో గచ్చు కడిగే పనికి పెట్టించారు. తర్వాత ఏలూరుకీ గుండుగొలనుకీ మధ్య, హైవే పక్కనున్న ఆసుపత్రికి వచ్చాను. మిగతా ఉద్యోగమంతా అక్కడే.

ఇది ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. మీరు కోర్సులు చదివి వస్తున్నారు. కత్తెర్ల పేర్లూ, సూదుల నంబర్లూ నాకంటే మీకే బాగా వచ్చు. వాటి జోలికి నేను వెళ్ళను. నాకు తెలిసింది మనుషులు, వాళ్ళ పొట్టలు. ఈ రెండూ ఒకే మాట చెప్పవు. అదే ఈ ఉద్యోగంలో అసలు తిరకాసు.

కరెంటు పోతే నా కాలు

మా ఓటీలో ఒక బల్ల, ఒక పెద్ద లైటు, గ్యాస్ పొయ్యి మీద పెట్టి సామాన్లు ఉడకబెట్టే కుక్కరు లాంటి డ్రమ్ము ఉండేవి. మత్తు డాక్టరు గారు ఏలూరు నుంచి రావాలి. ఆయన దొరక్కపోతే మా డాక్టరు గారే వెన్నులో మత్తు సూది ఇచ్చి, మళ్ళీ చేతులు కడుక్కుని, కత్తి పట్టుకునేవారు. రక్తం కావాలంటే ఎవరో ఒకరు ఐసు డబ్బా కట్టుకుని మోటారు సైకిలు మీద ఏలూరు పోవాలి. పొట్టలోంచి చీమూ నీళ్ళూ లాగే మిషను కరెంటు మీద నడిచేది. కరెంటు పోయి, జనరేటరు దగ్గి దగ్గి అంటుకునేలోపు, కాలితో తొక్కే పాత మిషను ఒకటి బయటికి తీసేవాళ్ళం. దానికి నేనే మోటారు.

“స్పీడు పెంచవయ్యా సూరిబాబూ” అనేవారు డాక్టరు గారు.

“ఇదే టాప్ గేరండీ.”

ఇన్ని తక్కువలున్న చోట పొట్ట కొయ్యడం ఎందుకు, విజయవాడ పంపించేస్తే పోలేదా అని అడుగుతారు. చాలామందిని పంపించాం కూడా. కానీ పగిలిన పేగుకి విజయవాడ ఎంత దూరమో తెలీదు. కొల్లేరు లోపలి ఊళ్ళ నుంచి పడవా, ఆటో మారి మా గేటు దాకా వచ్చేసరికే కొంతమందికి ప్రాణం గొంతులో ఉండేది. వాళ్ళని మళ్ళీ బండెక్కిస్తే పంపించినట్టు కాదు, సాగనంపినట్టు.

టీ గ్లాసు

మా డాక్టరు గారి పేరు సత్యప్రసాద్. పొట్టి మనిషి, మాట పొదుపు. బల్ల దగ్గర ఆయనకి కింద ఒక చెక్క పీట వెయ్యాలి. దాన్ని నేను సింహాసనం అనేవాణ్ని. ఆయన నవ్వేవారు కాదు గానీ, నేను లేని రోజున “సింహాసనం ఏదమ్మా?” అని సిస్టర్ని అడిగారట.

చలికాలంలో ఆయన వార్డులోకి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చేవారు. తాగేవారు కాదు. చేతులు వెచ్చబడ్డాక గ్లాసు నాకిచ్చి, అప్పుడు రోగి పొట్ట మీద చెయ్యి వేసేవారు. ఆ టీ నేను తాగేవాణ్ని, అది వేరే సంగతి.

“చల్లటి చెయ్యి పడితే ఏ పొట్టయినా బిగుసుకుంటుంది సూరిబాబూ. అది జబ్బు వల్ల బిగిసిందో మన చెయ్యి వల్ల బిగిసిందో ఎలా తెలుస్తుంది?”

చెయ్యి పొట్ట మీద, కళ్ళు మొహం మీద. నొప్పి పొట్టలో ఉన్నా కనపడేది మొహంలోనే. నేను చూసిన పెద్ద పెద్ద డాక్టర్లలో సగం మంది పొట్ట నొక్కుతూ పొట్టకేసే చూసేవారు. ఇంకొంతమంది సెల్‌ఫోనుకేసి.

ముందు ఆ అమ్మాయిని చూడండి

మా వైపు జనం మాటకి మెత్తన. మీటరు రీడింగు తీసే కుర్రాడొచ్చినా “ఏవండీ, కాస్త మజ్జిగ పుచ్చుకుని వెళ్ళండి” అంటారు. బయట అది ఎంత అందమైన గుణమో, ఆసుపత్రిలో అంత ప్రమాదం. నొప్పి ఎలా ఉందండీ అంటే “పర్లేదండీ” అంటారు. డాక్టరు గారు అలిసిపోయి ఉన్నారు, ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని. తమ నొప్పి ఆయనకేదో పెద్ద పని చెప్పినట్టవుతుందని.

ముదినేపల్లి వైపు నుంచి ఒక రైతు, కొడుకు బండి వెనక కూర్చుని వచ్చాడు. తువ్వాలు పొట్టకి అదిమి పట్టుకున్నాడు. నేను పలకరిస్తే “ఏం లేదబ్బాయ్, కాస్త కడుపులో పోటు” అన్నాడు. ఆ రోజు బెంచీలు నిండిపోయాయి. ఆయన వంతు వచ్చేసరికి వెనక చంటిపిల్లతో ఒకావిడ నిలబడి ఉంది. “ముందు ఆ అమ్మాయిని చూడండమ్మా, నాకు పర్లేదు” అన్నాడు పేర్లు పిలిచే సిస్టర్‌తో. మళ్ళీ వంతు వస్తే చెయ్యి విరిగిన కుర్రాణ్ని ముందుకి తోశాడు. చివరికి డాక్టరు గారి ముందు కూర్చుని, తన సంగతి చెప్పకుండా, “పొద్దుపోయింది, మీరు భోంచేశారాండీ?” అని అడిగాడు.

డాక్టరు గారు చెయ్యి వేశారు. పొట్ట కాదది, చెక్క. జీర్ణకోశానికి చిల్లు పడి లోపలిదంతా పొట్టలోకి కారిపోయింది. ఆపరేషన్ చేశాం. చిల్లు మూశారు. కానీ అప్పటికే విషం ఒంటికెక్కేసింది. ఆ మనిషి దక్కలేదు.

కొడుకు బయట కూర్చుని, “నాన్న ఎవరి ముందూ ఏ రోజూ గట్టిగా మాట్లాడలేదండీ” అన్నాడు.

మర్నాటి నుంచి డాక్టరు గారు కుర్చీలో కూర్చునే ముందు బెంచీల వెంట ఒకసారి నడవడం మొదలుపెట్టారు. నాకో పని చెప్పారు: “గోల చేసేవాళ్ళకి గోల చేసే ఓపికుంది. అందరికంటే మర్యాదగా ఎవరు కూర్చున్నారో చూసి, వాళ్ళని ముందు పంపు.”

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇదే. రెండోది ఒక కొల్లేరు పిల్ల దగ్గర నేర్చుకున్నాను. అది మా డాక్టరు గారికి కూడా కొత్త పాఠమే.

రత్నకుమారి

వానలకి కొల్లేరు ఉబ్బి రోడ్ల మీదికి వచ్చిన రోజులు. లంక ఊరి నుంచి ఒక అమ్మాయిని పడవలో గట్టుకి చేర్చి, అక్కణ్నుంచి ఆటోలో తెచ్చారు. పేరు రత్నకుమారి. మొగుడు శ్రీను చేపల చెరువుల దగ్గర ఐసు ప్యాకింగు చేస్తాడు. అత్త ఆదెమ్మ చంకలో చంటిపాప, ఇంకా పళ్ళు రాలేదు. రత్నకుమారి రెండు మోకాళ్ళూ పొట్టకి ముడుచుకుని, కళ్ళు పీక్కుపోయి ఉంది.

“ఎన్నాళ్ళ నుంచమ్మా నొప్పి?” అన్నారు డాక్టరు గారు.

“పర్లేదండీ. నిన్నట్నుంచే.”

“వారం నుంచండీ!” అంది ఆదెమ్మ. “అడిగితే చెప్పదండీ, పొయ్యి దగ్గర వంగిపోతే చూశాను. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించానండీ. బొడ్డు చుట్టూ రుద్దానండీ బాగా.”

కడుపు నొప్పంటే మా పల్లెల్లో ఆముదం తాగించి, పొట్ట రుద్దుతారు. వాచిన అపెండిక్స్ మీద ఈ రెండూ పడితే అది పగులుతుంది. ఈ పిల్లకి అదే జరిగింది. డాక్టరు గారు తిట్టలేదు. “ఇంకెవరికీ పట్టించకండమ్మా” అన్నారు, అంతే. అలాంటప్పుడు అందరి ముందూ కడిగేసే డాక్టర్లని చూశాను. తిట్లు తిన్న అత్త ఆముదం మానదు, ఆసుపత్రికి రావడం మానేస్తుంది. ఆదెమ్మకి తిట్టకుండానే అర్థమైంది. ఆ మాటతో నోరు మూసుకున్న మనిషి మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు. పాపని ఎత్తుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది.

నాడి దారంలా ఉంది. విజయవాడ పంపే ఓపిక ఆ పిల్లలో లేదు. మత్తు డాక్టరు గారి ఫోను మోగుతోంది, ఆయన ఎత్తడం లేదు. “ఇక్కడే చేద్దాం” అన్నారు డాక్టరు గారు.

తెరకి ఇవతల

వెన్నులో మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో రోగి మెలకువగా ఉంటాడు. ఛాతీ మీద అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కడతాం. దాని అవతల డాక్టరు గారు, ఇవతల తల దగ్గర నేను. నొప్పి తెలీదు గానీ లోపల ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు లాగుడు తెలుస్తుంది, భయం వేస్తుంది. ఆ భయానికి సూది లేదు. నా వాగుడే దానికి మందు.

“మీ ఆయనకి వంటొచ్చా అమ్మాయ్?”

“టీ పెడతారండీ.”

“ఎవరన్నా తాగుతారా దాన్ని?”

ఆలోచించింది. “ఆయనే తాగుతారండీ.”

“మొహం ఎలా పెట్టి?”

అంత కష్టంలోనూ నవ్వింది. తెర వెనకనుంచి డాక్టరు గారు, “సూరిబాబూ, నువ్వు నవ్విస్తే పేగులు నా చేతిలోకి వస్తున్నాయయ్యా” అన్నారు.

అప్పుడే వరండాలో పాప ఏడ్చింది. రత్నకుమారి మొహం మారిపోయింది. ఏడుపు వినపడగానే తల్లికి పాలు చేపుకొచ్చి, మేం కప్పిన గుడ్డ తడిసింది. చేతులు రెండూ పక్కకి కట్టి ఉన్నాయి. “బాబాయ్ గారూ, పాపకి ఆకలేస్తోందండీ” అంది. తన పొట్ట తెరిచి ఉందన్న సంగతి ఆ క్షణాన ఆ పిల్లకి గుర్తు లేదు. మా ఓటీ నర్సు ఏలిజా సిస్టర్ వచ్చి ఆ గుడ్డ మార్చింది. నేను బయటికి కేకేసి పాపకి ఆవుపాలు కాచి ఇమ్మన్నాను. తిరిగి వచ్చి, ఆ పిల్ల కళ్ళు తుడిచి, గూడెంలో నేను పగలగొట్టిన సోడాబుడ్ల కథ చెప్పాను.

పగిలిన అపెండిక్స్ తీసేశారు. వెచ్చబెట్టిన సెలైన్ సీసాలు నేను ఒక్కొక్కటే అందిస్తుంటే పొట్టంతా కడిగారు. ఒక గొట్టం పెట్టి కుట్లు వేశారు. ఆపరేషన్ బాగా జరిగింది. కొత్తవాళ్ళు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటారు. మీరు పీల్చుకోకండి.

అందరూ ఎదురుచూసే చప్పుడు

చీము పట్టిన పొట్టని కడిగి మూశాక పేగులు నిద్రపోతాయి. అవి లేచేదాకా నోటితో చుక్క నీళ్ళు కూడా ఇవ్వరు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం, చేతికి సెలైను. లేచాయని ఎలా తెలుస్తుందంటే, కింద నుంచి గాలి పోతుంది. అంతే. లక్షణమైన మనుషులు పదిమందిలో ఉండగా వస్తే చచ్చిపోయేంత సిగ్గుపడే ఆ చప్పుడు కోసం ఆసుపత్రి మొత్తం చెవులు రిక్కించి కూర్చుంటుంది.

డాక్టరు గారు పొద్దున్నే వచ్చి అడిగేవారు. “గ్యాస్ పోయిందా అమ్మా?”

“లేదండీ.”

పొట్ట మీద చెయ్యి వేసి, స్టెతస్కోపు పెట్టి విని, వెళ్ళిపోతారు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు మళ్ళీ అడిగారు. రత్నకుమారి ఆయన మొహంలోకి చూసింది.

“పోయిందండీ.”

డాక్టరు గారి మొహం వెలిగిపోయింది. “సిస్టర్, గొట్టం తీసెయ్యండి. కొబ్బరినీళ్ళు మొదలుపెట్టండి.” శ్రీను పరుగున వెళ్ళి బొండాలు తెచ్చాడు. మధ్యాహ్నానికి పల్చటి జావ ఇచ్చారు. పొద్దు వాలేసరికి ఆ పిల్ల పొట్ట డప్పులా ఉబ్బింది. పచ్చగా వాంతి అయింది. ఊపిరి అందడం లేదు. గొట్టం మళ్ళీ వేశాం.

డాక్టరు గారు చాలాసేపు మంచం పక్కన నిలబడ్డారు. బయటికి వచ్చి, నాతోనూ ఏలిజా సిస్టర్‌తోనూ అన్నారు: “పొద్దున్న దారి తెరుచుకుని, సాయంత్రానికి మూసుకుపోయిందంటే పేగు ఎక్కడో మెలిక పడుంటుంది. మళ్ళీ తెరవాలి.”

“తట్టుకుంటుందాండీ?” అంది సిస్టర్.

“ఏమో. తెరవకపోతే మాత్రం తట్టుకోదు.”

నేను డ్రమ్ము పొయ్యి మీద పెట్టి, ట్రాలీ తీసుకుని వెళ్ళాను. ఆ పిల్ల గాజులు తీసి అత్త చేతికిచ్చాను. ఆదెమ్మ వాటిని కొంగున ముడేసుకుంది. ట్రాలీ ఓటీ తలుపు దాకా వచ్చింది.

“మళ్ళీ ఎందుకండీ బాబాయ్ గారూ?” అంది రత్నకుమారి.

“పొద్దున్న గ్యాస్ పోయింది కదమ్మా. ఇప్పుడు ఆగిపోయింది. దారి ఎక్కడ మూసుకుందో చూడాలి.”

నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఒక మాట చెప్తే డాక్టరు గారికి కోపమొస్తుందాండీ?”

“ఆయనకి కోపమొస్తే నన్ను తిడతారు. అలవాటే. చెప్పు.”

“పోలేదండీ.”

“ఏంటీ?”

“గ్యాస్. అసలు పోనేలేదండీ.”

“మరి పోయిందన్నావేంటమ్మా?”

“రోజూ పొద్దున్నే వచ్చి అడుగుతున్నారండీ పాపం, అంత పెద్దాయన. మొన్న లేదన్నాను, నిన్న లేదన్నాను. ఆయన మొహం చిన్నబోతోందండీ. మళ్ళీ లేదంటే ఏం బావుంటుందండీ?”

ఎక్కడ చదివితే వస్తుంది పిల్లలూ ఈ మర్యాద? ఏ పుస్తకంలో ఉంది ఈ జబ్బు? నేను ట్రాలీ అక్కడే సిస్టర్‌కి వదిలేసి, చేతులు కడుక్కుంటున్న డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. పనిలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని మధ్యలో ఆపింది అప్పుడొక్కసారే.

ఆయన తడి చేతులతోనే వచ్చారు. ట్రాలీ పక్కన, నేను సింహాసనం అనే ఆ చెక్క పీట లాక్కుని, దాని మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయన మొహం ఆ పిల్ల మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

“ఒక్కసారి కూడా పోలేదా అమ్మా?”

“లేదండీ” అంది, కళ్ళు మూసుకుని.

“ఎంత మంచి మాట చెప్పావు తల్లీ!”

నాడి చూశారు, నిలకడగా ఉంది. జ్వరం లేదు. రెండు అరచేతులూ రుద్దుకుని, వెచ్చబెట్టి, పొట్ట మీద నెమ్మదిగా చెయ్యి వేశారు. ఉబ్బుంది గానీ చెక్కలా బిగిసి లేదు. “అయితే ఇది మెలిక కాకపోవచ్చు. పేగులు ఇంకా లేవలేదు. మనమే తొందరపడి వాటి నెత్తిన జావ పోశాం. నిద్రపోయేవాణ్ని లేపడానికి కత్తెందుకు? కనిపెట్టి చూద్దాం. ఏ కాస్త తేడా వచ్చినా అప్పుడు తెరుద్దాం.”

నేను పొయ్యి ఆపాను. ట్రాలీని మళ్ళీ వార్డుకి తిప్పాను.

లేదండీ

ఆ తర్వాత డాక్టరు గారు అడిగే పద్ధతి మార్చేశారు. పొద్దున్నే వచ్చి, “ఇంకా పోలేదు కదా? కంగారు లేదు” అనేవారు. ‘లేదండీ’ అన్నందుకు “శభాష్” అనేవారు. రోగి నోట మంచి మాట రావాలన్న ఆశ మన మొహంలో కనపడితే, మనవాళ్ళు ఆ మాట ఇచ్చేస్తారు. లేకపోయినా ఇచ్చేస్తారు. కాబట్టి అడిగేటప్పుడు మొహం చూసుకోండి. వాళ్ళది కాదు, మీది.

సెలైనులో ఏవో లవణాలు కలిపారు. లేపి నడిపించమన్నారు. వరండాలో ఊరేగింపు మొదలైంది. ముందు శ్రీను సెలైను సీసా జెండాలా పైకెత్తి, మధ్యలో రత్నకుమారి, పక్కన ఒక చంకలో పాప, రెండో చేతిలో కోడలి మోచెయ్యి పట్టుకుని ఆదెమ్మ. వెనక నేను. “స్వామి వారు ఇంకో చుట్టు తిరగాలండీ” అనేవాణ్ని. రత్నకుమారి నవ్వేది. ఆదెమ్మ నవ్వేది కాదు. ఆ మొహం చూస్తే తెలిసేది, ఆముదం గ్లాసు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఒక పొద్దున్న అలాగే తిరుగుతున్నారు. వరండా మలుపు దగ్గర వచ్చింది చప్పుడు. చిన్నా చితకా చప్పుడు కాదు, బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న ఒక తాత కళ్ళు తెరిచాడు.

అందరం ఆగిపోయాం. రత్నకుమారి రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. “క్షమించండి అత్తయ్యా. మీ ముందు... తప్పయిపోయింది.”

ఆదెమ్మ కాసేపు కోడలికేసి చూసింది. వచ్చిన రోజు నుంచి మూసుకున్న నోరు తెరిచింది.

“ఇంకోటి వదలమ్మా” అంది. “డాక్టరు గారు వినలేదు.”

అని భోరున ఏడ్చేసింది. శ్రీను సీసా దించేశాడు, నేను అందుకుని పట్టుకున్నాను. కబురు వెళ్ళి డాక్టరు గారు ఒక కాలికే చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చారు. “నిజంగా పోయిందా?” అని ఈసారి రోగిని కాదు, అత్తగారిని అడిగారు.

“నేనే సాచ్చికం అండీ” అంది ఆదెమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

చివరగా

కుట్లు విప్పాక కొన్నాళ్ళకి చూపించుకోవడానికి వచ్చారు. పాప ఆదెమ్మ చంకలోనే ఉంది, ఒక పన్ను మొలిచింది. డాక్టరు గారు టీ గ్లాసు నా చేతికిచ్చి, మచ్చ పక్కన చెయ్యి వేసి, ఆ పిల్ల మొహంకేసి చూశారు.

“నొప్పేమైనా ఉందా అమ్మా?”

“పర్...” అంది రత్నకుమారి. ఆగింది. ఒకసారి అత్తకేసి చూసింది, ఒకసారి నాకేసి చూసింది.

“కొంచెం ఉందండీ” అంది.

“హమ్మయ్య!” అన్నారు డాక్టరు గారు.

నొప్పి ఉందని చెప్తే అంత సంతోషించిన డాక్టర్ని నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు టీ మాత్రం నన్ను తాగనివ్వలేదు. వెనక్కి తీసుకుని ఆయనే తాగేశారు.